కారద్దాలకు నలుపెందుకమ్మా

విజయవాడ

చిరంజీవి మేనకోడలికి,

కొత్త కారు ఫోటోలు అందాయి. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపుతో వేసిన స్వస్తిక్ చూసి మీ అత్తయ్య మురిసిపోయింది. నేను మాత్రం ఫోటోల కింద నువ్వు రాసిన ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. 'అద్దాలకు థర్టీఫైవ్ ఫిల్ము వేయించుకోండి మేడం, లోపల చల్లగా ఉంటుంది, ఈ రోజుల్లో ఎవరూ పట్టించుకోవడం లేదు' అని యాక్సెసరీస్ షాపతను అన్నాడట. మూడు కారణాలు రాసి, వేయించమంటావా మామయ్యా అని అడిగావు. ఫోనులో అయితే వద్దని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. బ్రేకు ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాడు ఇంకేమంటాడులే అని నువ్వూ సరిపెట్టుకునేదానివి. అందుకే తీరిగ్గా కాగితం తీశాను.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. నేను నీతో అనాలనుకున్న మాట అందులో లేదు గానీ, అది తేలకపోతే షాపతను నిన్ను వదలడు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన అని ఒకటుంది. ముందద్దం, వెనకద్దం తమ మీద పడిన వెలుగులో కనీసం 70 శాతం, పక్కద్దాలు కనీసం 50 శాతం లోపలికి వదలాలి అంటుందది. ఆ అంకెల చాటున ఏళ్ళ తరబడి ఎవరికి తోచిన ఫిల్ము వాళ్ళు అంటించుకున్నారు. అవిషేక్ గోయెంకా అనే ఆయన ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే, సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెప్పింది. ఆ శాతాలు కంపెనీలో తయారైన అద్దానికి సంబంధించినవి, తర్వాత దాని మీద ఏ రకం ఫిల్మూ అంటించడానికి వీల్లేదు, మే 4 నుంచి అమలు చెయ్యండి అంది. తర్వాత 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలో 'సేఫ్టీ గ్లేజింగ్' అన్న మాట చేరింది. దాన్ని ఆధారం చేసుకుని 2024లో కేరళ హైకోర్టు, 70, 50 లెక్క తప్పనంతవరకు ఫిల్ము తప్పు కాదంది. మీ షాపతను ఈ తీర్పు చూపించినా చూపిస్తాడు. చూపిస్తే నువ్వు అతనికి ఒక గుణకారం చూపించు. కొత్త కారు పక్కద్దం ఏ ఫిల్మూ లేకుండానే వెలుగులో ఇంచుమించు 75 నుంచి 80 పాళ్ళే లోపలికి వదులుతుంది. ఆ అద్దంలో లేతగా కనిపించే ఆకుపచ్చ రంగు చేసే పని అది. దానిమీద 35 ఫిల్ము, అంటే వెలుగులో 35 శాతమే వదిలేది, వేస్తే, ఆ 75లో 35 శాతం, అంటే 26 మిగులుతుంది. 50 ఫిల్ము వేసినా 40 దాటదు. '50 లీగలే మేడం' అనేవాళ్ళు అద్దాన్ని లెక్కలో కలపరు. కేరళ తీర్పు నీకు వర్తిస్తుందనుకున్నా ఇది నిలవదు.

జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ళకి, అదీ ఉన్నతాధికారుల కమిటీ ఒప్పుకుంటేనే, మినహాయింపు ఉంది. మన వైపు తిరిగే నల్లద్దాల బండ్లు చూస్తే మండలానికి పదిమందికి జెడ్ ప్లస్ ఇచ్చినట్టే ఉంటుందిలే. 2022లో మీ హైదరాబాదులోనే పోలీసులు సినిమా హీరోల కార్లు ఆపి మరీ ఫిల్ములు పీకించి చలానాలు రాశారు. ఆ తర్వాత ఎన్ని మళ్ళీ అంటించారన్నది వేరే కథ.

మీ అన్నయ్య టెక్సాసులో వేయించుకున్నాడుగా అంటావు. అక్కడ ముందు పక్కద్దాలకు 25 శాతం వెలుగు వదిలే నలుపు దాకా ఒప్పుకుంటారు. అదే కారు తీసుకుని న్యూజెర్సీలో కాపురం పెడితే ముందు పక్కద్దాల మీద ఫిల్మే ఉండకూడదంటారు. ఒక్క దేశంలోనే ఇన్ని లెక్కలు. వాడి కారు వాడి రోడ్డుకు సరిపోయింది, అంతే.

ఇక ఎండ. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయన్న సామెతను బెజవాడలో ఉండి నేను కాదనలేను. కానీ నలుపు చేసే పని వేరు, చలవ చేసే పని వేరు. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో దాదాపు సగం మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. మామూలు రంగు ఫిల్ము కంటికి కనపడే వెలుగును ఆపడంలోనే మొనగాడు. తాను పీల్చుకున్న ఎండకు అదే వేడెక్కి, ఆ వేడిలో కొంత మళ్ళీ లోపలికే పంపిస్తుంది. మధ్యాహ్నం పూట ఎవరిదైనా నల్ల ఫిల్ము కారు ఆగి ఉంటే అద్దానికి లోపలివైపు చెయ్యి ఆనించి చూడు. వేడిని నిజంగా ఆపే ఫిల్ములు వేరే ఉన్నాయి. వాటిలో ఇంచుమించు తెల్లగా కనిపించేవీ ఉన్నాయి, ఖరీదెక్కువ. అంటే నలుపు ఎంత చిక్కగా ఉంటే కారు అంత చల్లగా ఉంటుందన్న లెక్క ఎక్కడా లేదు.

చర్మం నల్లబడుతుందన్న నీ దిగులు మాత్రం ఉత్తిది కాదు. ముందద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది. అతినీలలోహిత కిరణాలను అది చాలావరకు ఆపుతుంది. పక్కద్దాలు టఫెన్డ్ గాజు. ఒంటిని కమిలించే రకాన్ని ఆపినా, యూవీఏ అనే రకాన్ని కొంత లోపలికి వదులుతాయి. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎప్పుడూ కుడి చెయ్యే ఎక్కువ నల్లబడేది. కొన్ని మోడళ్ళలో కంపెనీయే యూవీ కట్ గ్లాసు ఇస్తుంది. నీ కారుకు ఉందో లేదో షోరూములో అడుగు, బ్రోచర్లోనూ ఉంటుంది. లేకపోతే స్కూటీ నడిపిన రోజుల్లో మొహానికి చున్నీ చుట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని మండుటెండలో తిరిగిన పిల్లవి నువ్వు, నీకు నేను చెప్పాలా? ఫుల్ స్లీవ్సు, సన్‌స్క్రీను చాలు. పార్కింగులో ముందద్దానికి వెండిరంగు సన్‌షేడ్ అడ్డం పెట్టు. ఎక్కగానే తలుపులు తీసి వేడిగాలి పోనిచ్చి అప్పుడు ఏసీ వెయ్యి. సన్‌షేడ్ ఆగి ఉన్నప్పటికే సుమా. నడిపేటప్పుడు పక్కద్దాలకు జాలీ తెరలు పెట్టుకుంటే, ఫిల్ముతో వచ్చే చిక్కులు వాటితోనూ వస్తాయి.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలచుకున్నది.

మన రోడ్లు సిగ్నళ్ళ మీద కంటే మొహాల మీద ఎక్కువ నడుస్తాయి. మీ నిజాంపేట రోడ్డు తీసుకో. ఒక ముసలమ్మ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి నీ వైపు తిప్పి, రోడ్డు దాటడానికి దిగుతుంది. ఆ చెయ్యి ఎవరికి చూపిస్తోంది? కారుకు కాదు, లోపలున్న నీకు. నువ్వు తలూపావా, బ్రేకు మీద కాలు పెట్టావా, అసలు చూశావా, ఫోనులో ఉన్నావా అన్నది నీ మొహంలో వెతుక్కుని అప్పుడు అడుగు వేస్తుంది. స్కూటరు మీద పాపను కూర్చోబెట్టుకుని యూటర్న్ తిరిగే తండ్రీ అంతే. వీళ్ళకి చదువులతో పని లేకుండా వచ్చిన విద్య ఇది. నువ్వు నల్లద్దం బిగిస్తే వాళ్ళందరూ నీకు కనపడుతూనే ఉంటారు, వాళ్ళకి మాత్రం నువ్వు కనపడవు. ముందద్దం తెల్లగానే ఉంటుందిగా అంటావు. ఎదురుగా ఉన్నవాళ్ళకి అది చాలు. కూడలిలో నీ పక్కనుంచి వచ్చేవాళ్ళకి పక్కద్దమే దిక్కు.

ఇంకో చిన్న విషయం, డ్రైవింగ్ స్కూళ్ళలో ఎవరూ చెప్పరు. నీ వెనక వచ్చేవాడు నీ కారు అద్దాల్లోంచి నీ ముందున్న బండిని చూస్తూ వస్తాడు. ముందెక్కడో బ్రేకు లైటు వెలిగితే, నువ్వు బ్రేకు నొక్కకముందే వాడి కాలు సిద్ధమవుతుంది. వెనకద్దం నల్లదైతే వాడి ముందు గోడ కట్టినట్టే.

రాత్రిపూట సంగతి ఫిల్ము వేయించినవాళ్ళనే అడుగు. సైడ్ మిర్రర్లను మనం చూసేది ముందు పక్కద్దాల్లోంచే కదా. 26 శాతం వెలుగులో, అందులోనూ వాన పడుతుంటే, హెడ్‌లైటు లేకుండా వచ్చే బైకు ఆ మిర్రర్లో ఎంత కనపడుతుంది? ఫిల్ము వేసినవాళ్ళు రాత్రి సందులో రివర్సు తీసేటప్పుడు అద్దం దించి తల బయటపెట్టడం చూసే ఉంటావు.

నా ఉద్యోగంలో చూసింది ఒకటి చెబుతాను. చెకింగులో చెయ్యి చూపితే మామూలు కారు ఆగి అద్దం కిందికి దిగేది. నల్లద్దాల కారు ఆగినా అద్దం దిగేది కాదు. రెండోసారి తడితే నాలుగు వేళ్ళంత సందు వచ్చేది. ఆ సందులోంచి ఫోను, 'మా వాళ్ళతో మాట్లాడండి' అని. అందరూ చెడ్డవాళ్ళని కాదు. కానీ ఎవరికీ కనపడం అన్న ధీమా మనిషిని ఏదో చేస్తుంది. బయట ఉన్నవాళ్ళు మనుషుల్లా కాక అడ్డంకుల్లా కనపడడం మొదలవుతుంది. నీకు అలా కాదని నేను పూచీ ఇవ్వలేను, నాకే ఇచ్చుకోలేను.

నీ మూడో కారణం చివరి లైనులో చిన్నగా రాశావు. ఆఫీసు నుంచి రాత్రి పదింటికి వస్తుంటే సిగ్నళ్ళ దగ్గర పక్క బండివాళ్ళు వంగి మరీ చూస్తున్నారని. దాన్నే ముందు రాయాల్సింది తల్లీ. దీని ముందు ఎండ, చట్టం అన్నీ చిన్నవే. చూసేవాడు సిగ్గుపడాల్సింది పోయి నువ్వు అద్దం చాటుకు పోవాల్సిరావడం అన్యాయం. ఓర్చుకోమని నేను చెప్పను.

అయినా నల్లద్దం దీనికి మందు అవుతుందని నాకు నమ్మకం లేదు. 2012 డిసెంబరులో ఢిల్లీలో అత్యాచారానికి బలైన ఆ అమ్మాయి ఎక్కిన బస్సుకు నల్ల ఫిల్ములు, కర్టెన్లు ఉన్నాయి. నగరం నడిమధ్య తిరుగుతున్నా లోపల జరుగుతున్నది రోడ్డు మీద ఎవరి కంటా పడలేదు. అంతకు ఎనిమిది నెలల ముందు వచ్చిన ఆ సుప్రీంకోర్టు తీర్పు, నల్లద్దాల చాటున జరుగుతున్న నేరాల గురించే మాట్లాడింది. నీ సొంత కారుకూ ఆ బస్సుకూ పోలిక లేదనొచ్చు. కానీ నల్లద్దాలు మామూలైపోయిన ఊళ్ళో ఏ కారులో ఎవరున్నారో ఎవరికీ అనుమానం రాదు. నీలాంటి మంచి పిల్లల కార్లు పదివేలు నల్లగా తిరిగితేనే చెడ్డవాడి కారు ఒకటి వాటిలో కలిసిపోతుంది. నువ్వు ఫిల్ము వేయించుకుంటే అలాంటివాడికి ఒక చాటు పెరిగినట్టు.

ఆగి ఉన్న కారు సంగతీ ఒకటుంది. 2025 మేలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి, ఊపిరాడక పోయారు. రేపు నీ కారు ఆగి ఉన్నచోట దారిన పోయేవాడికి లోపల ఏముందో ఒక్క చూపులో తెలియాలని నాకుంటుంది.

రాత్రి ప్రయాణానికి చేతనైనవి చెయ్యి. ఎక్కగానే సెంట్రల్ లాకు వెయ్యి. సిగ్నల్ దగ్గర ముందు బండికి కాస్త దూరంలో ఆగు, పక్కకు తప్పుకునే చోటు ఉంటుంది. ఎవడైనా వెంటబడితే ఇంటికి పోకుండా వెలుతురున్న పెట్రోలు బంకుకో స్టేషనుకో పోనిచ్చి 112కి చెయ్యి, మీ దగ్గర షీ టీమ్స్ కూడా ఉన్నాయి. ఇవన్నీ చేసినా ఆ చూపులు ఆగవని తెలుసు. వాటికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను.

కారు నీది, సంపాదన నీది. వేయించుకుంటే నీ మీద కోపం రాదు, మీ అత్తయ్య నీ వైపే మాట్లాడుతుంది కూడా. షాపులో అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే డబ్బు వెనక్కి ఇవ్వడు, దానికి బదులు మంచి సన్‌షేడ్, ఫ్లోర్ మ్యాట్లు అడుగు.

దసరాకు కారులోనే వస్తానన్నావు. పొద్దున బయల్దేరితే హైదరాబాదు నుంచి సూర్యాపేట దాటేదాకా ఎదురెండే. అది ముందద్దంలోంచి వస్తుంది, దానికి ఏ షాపువాడి ఫిల్మూ పనికిరాదు. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరు, ఎండ వెనకబడుతుంది. మంచి చలవ కళ్ళద్దాలు ఒక జత కొనుక్కో, టోలు దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బుందో లేదో ముందే చూసుకో.

ఇట్లు,
మీ మామయ్య