విషం తిన్న పుట్టగొడుగు ఎవరి పాలు?

ఉరుములు ఉరిమిన వారానికి పుట్టల మీద గొడుగులు లేస్తాయి. వాటిని ఏరుకొచ్చి కూర వండుకోవడం మనకు తెలుసు. అదే జాతి, నేలలోని విషాన్ని కూడా ఏరగలదన్న సంగతి మన పిల్లలకు కొత్త. పైకి కనిపించే గొడుగు కొంచెమే. దాని అసలు ఒళ్లు మట్టిలో దారప్పోగుల్లా అల్లుకుని ఉంటుంది. సీసం, కాడ్మియం వంటి బరువు లోహాలు ఆ పోగులకు అంటుకుంటాయి, కొన్ని లోపలికీ పోతాయి. గనులు, ఫ్యాక్టరీలు పాడుచేసిన నేలను ఇలాంటి శిలీంధ్రాలతో బాగుచేయాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. మంచి పనే.

అయితే మేము బడిలో చెప్పే పాఠం ఒకటుంది. సీసం మూలకం. ఒలికిన చమురునైతే శిలీంధ్రం విరగ్గొట్టి అరిగించుకుంటుంది. సీసాన్ని ఏ ప్రాణీ అరిగించుకోలేదు. అది మట్టిలోంచి గొడుగులోకి మారుతుంది, అంతే. గొడుగు అక్కడే కుళ్లితే తిరిగి మట్టిలోకే చేరుతుంది. కాబట్టి కోయాలి, మోయాలి, ఎక్కడో పాతిపెట్టాలి. ఆ ‘ఎక్కడో’ ఎవరి ఊరు? కోసే కూలీలు ఎవరి పిల్లలు?

ఒడిశాలోని సుకిందా లోయనే తీసుకుందాం. మన దేశపు క్రోమైట్ నిల్వల్లో 95 శాతానికి పైగా అక్కడే ఉన్నాయి. ఆదివాసుల ఊళ్లూ అక్కడే ఉన్నాయి. గనుల నీరు దంసాల వాగులో కలిసి బ్రాహ్మణి నదికి పోతుంది. 2007లో ఒక అంతర్జాతీయ సంస్థ ప్రపంచంలో బాగా కలుషితమైన పది చోట్లలో దీన్ని చేర్చింది. అక్కడి విషం హెక్సావలెంట్ క్రోమియం. ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు దాన్ని అంత ప్రమాదం లేని రూపంలోకి మార్చగలవని ప్రయోగశాలల్లో తేలింది. లోహం అక్కడే ఉంటుంది గానీ దాని కోర తగ్గుతుంది. ఇది చిన్న మేలేమీ కాదు. కానీ సీసాలో నీటిని బాగుచేయడం వేరు, దశాబ్దాలుగా తవ్విపోసిన గుట్టల్ని బాగుచేయడం వేరు. పక్కన తవ్వకం సాగుతూనే ఉంటే బూజు ఎంతని తింటుంది?

ఇప్పటికే పాడైన నేలకు ఏ కొంచెం సాయమైనా వద్దనడం తప్పు. అక్కడ బూజునీ, గొడుగునీ పనిలోకి దించాల్సిందే, ఖర్చు తవ్వినవాడే పెట్టుకోవాలి. ఇంకా తవ్వని కొండ సంగతి వేరు. ‘తర్వాత శుభ్రం చేసే విద్య ఉందిగా’ అన్న మాట అక్కడ చెల్లదు. కడగడం తెలుసు కదా అని ఎవరూ ఊటబావిలో పేడ కలపరు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. చదువుకున్న యువకులు ఆ సభలో లేచి అడగాలి: మట్టిని ఎవరు పరీక్షిస్తారు? ఎన్నేళ్లు? కోసిన గొడుగుల్ని ఎక్కడ పూడుస్తారు? ఆ చేలకు కంచె వేస్తారా?

కంచె మాట ఊరికే అనలేదు. ఏ గొడుగు తినాలో, ఏది విషమో మన అవ్వలు రంగు, వాసన, కాడ చూసి చెబుతారు. కాడ్మియం తాగిన మంచి గొడుగు మాత్రం మంచి గొడుగులాగే ఉంటుంది. ఉడికించినా, ఎండబెట్టినా ఆ లోహం నశించదు. వానాకాలంలో బుట్ట పట్టుకుని వెళ్లే పిల్లకు ఆ తేడా ఏ కన్నూ చూపించదు.