ముందు ఎవరి మంచం దగ్గరికి?

అమెరికాలో నర్సుగా పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి. 5 గంటల సమయం, 85 నుంచి 150 దాకా ప్రశ్నలు. సరిగ్గా జవాబిచ్చేకొద్దీ కంప్యూటర్ ఇంకా కఠినమైనది ఇస్తుంది. కాబట్టి ప్రశ్నలు కష్టంగా వస్తున్నాయని గుండె జారిపోనక్కర్లేదు.

అందులో ఒక తరహా ప్రశ్న ఉంటుంది. ఒకాయన నొప్పని మూలుగుతున్నాడు. ఒకావిడ డిశ్చార్జి కాగితాల కోసం కేకలేస్తోంది. మూలమంచం మీద మార్ఫిన్ ఇచ్చిన రోగి మగతగా ఉన్నాడు, నిమిషానికి 8 సార్లే ఊపిరి తీస్తున్నాడు. ముందు ఎవరి దగ్గరికి? నోరెత్తని ఆ మూడో మనిషి దగ్గరికే! బంధువుల అరుపులు ఎటుంటే అటు పరుగెత్తించే మన వార్డుల్లో ఇది బట్టీ కొడితే వచ్చే చదువు కాదు.

నైట్ డ్యూటీ దిగొచ్చి ఈ పరీక్షకు చదివేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈ పూట వంట మీరు చేయండి.