సహనమా? నోరు నొక్కడమా?

అత్తింట దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన కూతురికి మన ఇళ్లలో మొదట వినిపించే మాట “సబ్ర్ చెయ్యి బేటీ” అన్నదే. అలా చెప్పేవారు చెడ్డవారు కారు. చెల్లెళ్ల పెళ్లిళ్లు ఉన్నాయి, పిల్లలు చిన్నవాళ్లు, నలుగురిలో మాట పోతుంది. అవన్నీ నిజమైన భయాలే. కాని ఏ అల్లుడినైనా కూర్చోబెట్టి “సబ్ర్ చెయ్యి బాబూ” అని చెప్పగా మనం విన్నామా? కోపాన్ని దిగమింగడం కూడా సబ్రే కదా!

వ్యాధి, పేదరికం, ఆప్తుల మరణం వంటి పరీక్షల్లో విశ్వాసం సడలకుండా నిలబడటం సబ్ర్. జుల్మ్ ఒక మనిషి మరో మనిషికి చేసేది, పూనుకుంటే ఆపగలిగేది. దాన్ని కూడా తఖ్దీర్ ఖాతాలో వేసి ఊరుకోమనడం ధర్మం ఎలా అవుతుంది? చెడుమాట బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదంటూనే, అన్యాయానికి గురైనవారిని దివ్య ఖుర్‌ఆన్ మినహాయించింది (అన్నిసా: 148). కనుక బాధితురాలు తన గోడు చెప్పుకుంటే అది గీబత్ కాదు.

హజ్రత్ ఖౌలా బిన్తె సాలబా (రజి)ను భర్త తన తల్లి వీపుతో పోల్చి దూరం పెట్టారు. ఆమె మౌనంగా ఏడుస్తూ కూర్చోలేదు. దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లి వాదించారు. అల్లాహ్ ఆమె మొర ఆలకించి ఆయతులు అవతరింపజేశాడు. ఆ సూరాకు ‘అల్ ముజాదిలా’ అన్న పేరు ఆమె వాదన వల్లనే వచ్చింది. హజ్రత్ హబీబా బిన్తె సహల్ (రజి) తెల్లవారుజామున చీకట్లోనే ప్రవక్త (స) గుమ్మం ముందు నిలబడ్డారు. భర్త ఆమెను కొట్టి గాయపరచినట్లు అబూదావూద్ ఉల్లేఖనంలో ఉంది. సర్దుకుపొమ్మని ఆయన (స) ఆమెను తిప్పి పంపలేదు. మహర్ తిరిగి ఇప్పించి, ఆ బంధం నుంచి విడిపించారు.

అన్నిసా 34వ ఆయత్‌ను చూపి చెయ్యెత్తేవారు, ఆ ఆయత్ ఎవరిపై అవతరించిందో ఆయన (స) జీవితాన్ని కూడా చూడాలి. ఆయన ఏనాడూ ఏ స్త్రీనీ, ఏ సేవకుడినీ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట సహీహ్ ముస్లింలో ఉంది.

అయితే అందరూ గుమ్మం దాటి రాలేరు. నోరు మెదపనంత మాత్రాన ఆమె ఒప్పుకున్నట్టు కాదు. నికాహ్‌నామా నకలు తల్లి దగ్గర దాచే ఇల్లాలు, కుట్టుపని డబ్బులో కొంత విడిగా పెట్టుకునే ఇల్లాలు, అరుపులు మొదలవగానే పిల్లల్ని పక్కింటికి పంపే ఇల్లాలు తమ శక్తి మేరకు జుల్మ్‌ను ఎదిరిస్తున్నారు. దీన్ని అవిధేయత అనేవారున్నారు. ప్రాణమూ పిల్లలూ అల్లాహ్ ఇచ్చిన అమానత్. వాటిని కాపాడుకోవడం అవిధేయత కాదని మేమంటాము.

మరి గోడకు ఇవతల ఉన్న మనం? ఆ అరుపులు వినపడగానే టీవీ శబ్దం పెంచుతాము. దౌర్జన్యం చేసే సోదరునికి సాయం చేయడమంటే అతని చేతిని ఆపడమేనని ప్రవక్త (స) బోధించారు. ఇరువైపుల నుంచీ మధ్యవర్తులను పెట్టమని ఖుర్‌ఆన్ చెప్పింది (అన్నిసా: 35). రాజీ చేసి పంపిన పెద్దలు నెల తిరిగాక ఆమెను ఒంటరిగా పలకరించి క్షేమం అడిగారా? చాలాచోట్ల అడగరు. ప్రాణాపాయం ఉన్నచోట రాజీ కోసం ఎదురుచూడనే కూడదు. భర్త క్రూరత్వం కారణంగా విడాకులు కోరే హక్కు ముస్లిం స్త్రీకి 1939 చట్టంలోనే ఉంది. 2005 గృహహింస చట్టం ప్రకారం రక్షణ ఉత్తర్వుతో పాటు, తానున్న ఇంట్లోనే నివసించే హక్కును కూడా ఆమె కోరవచ్చు. 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఆ ఫోన్ ఆమే చేయాలని లేదు, పక్కింటివారు కూడా చేయవచ్చు.