మంచులో పిడికెడు

మదనపల్లె దగ్గరి మా అంగళ్లులో చలంటే హార్స్‌లీ కొండల వైపు నుంచి వచ్చే పొగమంచే. దుప్పటి కప్పుకుని టమాటా మండీకి పోతే, వేలంపాట కేకలకే సగం చలి పారిపోతుంది.

మొన్న జనవరిలో స్విట్జర్లాండ్‌లోని సానెన్ చూశాను. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1961 నుంచి 1985 దాకా ఏటా ప్రసంగించిన ఊరది. ఆయన వెళ్లింది ఎండాకాలంలో లెండి. నేను మంచు కోసమే చలికాలంలో పోయాను.

రాత్రంతా కురిసింది. తెల్లారి తలుపు తీస్తే చప్పుడే లేదు! కొత్తగా పడిన మంచులో ఎక్కువ భాగం గాలే. ఆ సందుల్లో శబ్దం ఇంకిపోతుంది. అడుగేస్తే మాత్రం కరకరమని, బొరుగులు నమిలినట్టు. యాభై ఏళ్లవాణ్ణి, చేతితొడుగు తీసి పిడికెడు నోట్లో వేసుకున్నాను. రుచేమీ లేదు. ఇంకో పిడికెడు తీసుకున్నాను.