గృహమునందలి మితవ్యయము



ఉన్నంతలో బ్రదుకుట, ఋణము చేయకుండుట, కావలసిన వస్తువులను మన చేతులతోనే సమకూర్చుకొనుట ధర్మమని యెల్లరు నంగీకరింతురు. కాని యీ ధర్మభారమును గృహమున నెవరు మోయుచున్నారని మన మరుదుగా విచారింతుము. నేటి యుపాసనానంతరమున నీ యొక్క ప్రశ్ననే మీ యెదుట నుంచదలచితిమి.

కొంతకాలము క్రిందట మేమును మా యింట మితవ్యయవ్రతము బూనితిమి. వంటమనిషిని మాన్పించితిమి. చాకలికి వేయు బట్టలను దగ్గించితిమి. పెరటిలో బీర, ఆనప పాదులు పెట్టించితిమి. పొడులు, వడియములు, ఊరగాయలు బజారున గొనరాదని నిర్ణయించితిమి. మూడు నెలలు గడచిన పిమ్మట లెక్క చూచుకొనగా వ్యయము మూడవవంతు తగ్గియుండెను. మేము పొంగిపోయి యా లెక్కపుస్తకమును మా గృహిణికి జూపితిమి. ఆమె దానిని నిదానముగా జూచి, “లెక్క సరిగానే యున్నది. ఇందులో నా ప్రొద్దు ఎక్కడ వ్రాసితిరి?” అని యడిగెను.

న్యాయస్థానమున నెన్నియో ప్రశ్నలకు బదులు చెప్పిన మేము ఈ ప్రశ్నకు బదులు చెప్పలేకపోతిమి. తెల్లవారుజామున లేచి పాదులకు నీరు తోడినది ఆమె. బట్టలుదికినది ఆమె. మా కుమార్తె బడినుండి వచ్చి, పుస్తకము మూసి, పప్పు రుబ్బుచుండెను. సాయంకాలపు టుపాసనకు ఆమె రాకుండుటను గూడ మేము గమనింపమైతిమి. మేము చేసిన పని నిర్ణయించుట, లెక్క వ్రాయుట మాత్రమే. వ్రతఫలము మాకు, ఉపవాసము వారికి!

మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి చరిత్రమును జూడుడు. వారి తండ్రి ద్వారకానాథుడు 1846వ సంవత్సరమున లండనులో మరణించెను. 1848లో కుటుంబపు వర్తకసంస్థ కూలిపోగా గొప్ప ఋణభారము మహర్షిపై బడెను. ఆస్తిలో కొంతభాగము ట్రస్టు దస్తావేజుచే రక్షింపబడియుండెను. ఋణదాతలు దానిని ముట్టజాలరు. మహర్షి దానిని గూడ వారి ముందుంచెను. నౌకరులను దగ్గించి, బండ్లను గుఱ్ఱములను వేలము వేయించి, తన యన్నవస్త్రములను మితపరచుకొనెను. ఏండ్ల తరబడి శ్రమించి ఋణములు దీర్చెను. తండ్రి ధర్మకార్యమునకై వాగ్దానము చేసిన లక్ష రూపాయలను గూడ వడ్డీతో జెల్లించెను. తన్ను గాపాడు దస్తావేజు చేతనుండియు దానిని వాడుకొనని మనుష్యుని మా వృత్తిలో మేమెన్నడును జూడలేదు.

యౌవనమున ఆయనకు దొరకిన యొక చినిగిన పుటలో ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రముండెను. అదియే ఆయన జీవితమును మార్చెను. పరుల సొత్తు నాశింపరాదనుట యా మంత్రము నేర్పు నీతులలో నొకటి. పరుల సొత్తనగా ధనము మాత్రమేనా? భార్య విశ్రాంతియు, కుమార్తె చదువును, సేవకుల కూలియు బరుల సొత్తు గాదా? వీనిని హరించి పెట్టె నింపుకొనుట మితవ్యయ మెట్లగును?

నాటినుండి నీరు తోడుటయు, కూరలు తరుగుటయు, మా బట్టలను మేమే యుదుకుకొనుటయు మేమును మా కుమారుడును వహించితిమి. మొదటివారమున అరచేతులు బొబ్బలెక్కెను. వడియములను అందరము కూర్చుండి పెట్టుదుము. తీరిక లేనినాడు వడియములు లేకయే భుజింతుము. కుమార్తె పరీక్షల దినములలో పొడులు బజారునుండియే తెచ్చితిమి. వంటమనిషిని మరల బిలిపించి, ఒకపూట పని యొప్పగించితిమి. వ్యయము కొంత పెరిగినది. సాయంకాలమున గృహిణి మా ప్రక్కను గూర్చుండి కీర్తన పాడుచున్నది.

కావున, సహోదరులారా, దేనిని విడువదలచినను మొదట మీ చుట్టను, మీ జరీ కండువాను, మీ పడకకుర్చీని విడువుడు. లెక్కపుస్తకమున రూపాయల ప్రక్కను గంటలను గూడ వ్రాయుడు. ఆ గంట లెవరివో వారి పేరు వ్రాయుడు. ఆ పుటను ఇంటివా రందరి యెదుట జదువుడు. అప్పుడు తల వంచుకొనవలసిన యక్కర లేనిచో మీ వ్రతము సత్యమైనది.

ఓ పరమపితా! మా యిండ్ల మా చేతులతోనే నిలుపుకొను బలమును మాకు బ్రసాదింపుము. మేము విడిచిన భారము మాకంటె బలహీనులపై బడకుండునట్లు మా కన్నులు దెఱువుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.