ఇషినొమాకిలో ఆ రాత్రి చోటిచ్చిందెవరు?

యాత్రల గురించి రాయాలనుకునేవాళ్ళు మామూలుగా అడిగే ప్రశ్నలు రెండు. రాయాలన్న ప్రేరణ ఎక్కడ దొరుకుతుంది? రాయడం ఎలా నేర్చుకోవాలి? ఈ రెండింటికీ జవాబులు చెప్పే పుస్తకాలున్నాయి, వర్క్‌షాపులున్నాయి, యూట్యూబ్ వీడియోలైతే లెక్కే లేదు. మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని పెద్దగా ఎవరూ అడగరు. జరగనిది రాయొచ్చా? జరిగినదాన్ని కాస్త మార్చి రాయొచ్చా? నాకైతే మొదటి రెండింటి జవాబులూ ఈ మూడోదాన్ని తేల్చుకునే దారిలోనే ఉన్నాయనిపిస్తుంది. అది చెప్పాలంటే పదిహేడో శతాబ్దపు జపాన్ దాకా వెళ్ళాలి.

1689లో మత్సువో బషో ఎదో నగరం, అంటే ఇప్పటి టోక్యో, వదిలి ఉత్తరానికి బయల్దేరాడు. వెంట కవాయ్ సోరా అనే శిష్యుడు. దాదాపు ఐదు నెలలు, రెండు వేల కిలోమీటర్ల పైమాటే, ఎక్కువ భాగం నడక. తిరిగొచ్చాక ఆ ప్రయాణాన్ని వచనమూ హైకూలూ కలిపి ఒక చిన్న పుస్తకంగా రాశాడు. ఏళ్ళ తరబడి దిద్దుకుంటూ పోయాడు. 1694లో ఆయన పోయాక, 1702లో అది అచ్చయింది. పేరు ‘ఓకు నో హొసొమిచి’. లోనాడుకి సన్నని దారి అని చెప్పుకోవచ్చు. యాత్రాసాహిత్యం అన్న మాట వచ్చినప్పుడల్లా ప్రపంచమంతా తల్చుకునే పుస్తకాల్లో అదొకటి.

సోరా కూడా రోజూ ఏదో రాసుకునేవాడు. ఏ తేదీన ఎక్కడినుంచి ఎక్కడికెళ్ళారు, వాన పడిందా, ఎవరింట్లో దిగారు, ఎవరు ఏం పెట్టారు. అలంకారాలేమీ లేని పొడి రాతలు. ఆ డైరీ రెండున్నర శతాబ్దాలు మరుగున పడి 1943లో అచ్చయింది. అప్పుడు తెలిసింది, గురువుగారు రాసినదీ శిష్యుడు రాసినదీ చాలాచోట్ల కలవవని.

కలవని చోట్లు రెండు చెప్తాను. ఇచిబురి అనే ఊళ్ళో బషో ఒక సత్రంలో దిగుతాడు. పక్క గదిలో ఇద్దరు వేశ్యలు. ఇసే పుణ్యక్షేత్రానికి వెళ్తున్నారు. తెల్లారాక, దారి భయంగా ఉంది, దూరంగానైనా మీ వెనకాలే వస్తామని కన్నీళ్ళతో అడుగుతారు. మేం చాలాచోట్ల ఆగుతాం, కుదరదు అని చెప్పి ఈయన వెళ్ళిపోతాడు. వెళ్ళాక చాలాసేపు మనసులో బాధ. దాని మీద ఒక హైకూ. ఆ హైకూని సోరాకి చెప్తే అతను రాసుకున్నాడని కూడా అంటాడు. సోరా డైరీలో ఆ హైకూ లేదు. ఆ స్త్రీలూ లేరు. అది కల్పన అయ్యుంటుందని పండితుల్లో చాలామంది అభిప్రాయం.

రెండోది ఇషినొమాకి రేవు పట్నం. దారి తప్పి అనుకోకుండా అక్కడికి చేరామని, రాత్రికి చోటడిగితే ఎవరూ ఇవ్వలేదని, చివరికి ఒక పేద గుడిసెలో తెల్లవార్లూ గడిపామని బషో రాశాడు. సోరా డైరీలో కథ వేరు. ఇషినొమాకి వాళ్ళు వెళ్దామనుకున్న ఊరే. దారిలో దాహమేసి వేణ్ణీళ్ళు అడిగితే మొదట ఎవరూ ఇవ్వలేదు. అది నిజమే. అప్పుడొక బాటసారి జాలిపడి, తనకి తెలిసినవాళ్ళింటికి తీసుకెళ్ళి నీళ్ళిప్పించాడు. ఇషినొమాకిలో ఫలానావాళ్ళింట్లో దిగండని చెప్పాడు. వీళ్ళు అక్కడే దిగారు. సోరా ఆ బాటసారి పేరు కూడా రాసుకున్నాడు.

రెండూ కల్పనలే. కానీ రెండూ ఒకటేనా?

ఇచిబురిలో బషో తన గురించి తనే ఒక అప్రియమైన విషయం చెప్పుకున్నాడు. సాయం అడిగిన మనుషుల్ని వదిలేసి వెళ్ళిపోయిన సన్యాసిగా తనని నిలబెట్టుకున్నాడు. ఆ కల్పనకి మూల్యం ఎవరిదని అడిగితే, ఎక్కువ భాగం ఆయనదే. ఇషినొమాకిలో అలా కాదు. కష్టాలు పడే ఒంటరి యాత్రికుడి బొమ్మ మరింత నిండుగా రావడం కోసం ఒక ఊరు ఊరంతా తలుపులేసుకున్నట్టయింది. చోటిచ్చినవాళ్ళు మాయమయ్యారు. నీళ్ళిప్పించిన మనిషి మాయమయ్యాడు. ఇక్కడ మూల్యం కట్టింది ఆ ఊరివాళ్ళు. కట్టినట్టు వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

దీనికొక అభ్యంతరం ఉంది, బలమైనదే. బషో రాసింది పత్రికా వార్త కాదు, కవిత్వం. అప్పటి పాఠకులకి ఆ సంప్రదాయం తెలుసు. ఇషినొమాకి మీద ఫిర్యాదుగా ఎవరూ చదివుండరు. నిజమే. బషోని ముద్దాయిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అంత పెద్ద కళాకారుడి చేతిలో పడ్డా కల్పనకి ఖరీదు ఉంటుందని, ఆ ఖరీదు ఎవరో ఒకరు కడతారని చెప్పడమే నా ఉద్దేశం. యాత్రారచయిత అబద్ధమాడొచ్చా అనే ప్రశ్న కంటే, ఈ అబద్ధం ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోంది అనే ప్రశ్న పనికొస్తుంది.

ఈ కొలతతో ఇంకో పుస్తకం చూద్దాం. 1960లో జాన్ స్టైన్‌బెక్ చార్లీ అనే కుక్కని వెంటబెట్టుకుని, వెనకాల చిన్న ఇల్లు కట్టిన ట్రక్కులో అమెరికా చుట్టొచ్చాడు. 1962లో ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ వచ్చింది. ఆ ఏడాదే ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. 2010లో బిల్ స్టైగర్‌వాల్డ్ అనే జర్నలిస్టు అదే దారిలో వెళ్ళి, పాత కాగితాలూ తిరగేసి తేల్చిందేమిటంటే, చాలా రాత్రులు ఆయన ఒంటరిగా ట్రక్కులో పడుకోలేదని, మంచి హోటళ్ళలో ఉన్నాడని, భార్య చాలా రోజులు తోడుందని, పుస్తకంలో మాట్లాడే మనుషుల్లో కొందరు కల్పితమయ్యుండొచ్చని. హోటల్ సంగతి దాచడం నాకు పెద్ద నేరమనిపించదు. అది ఆయన గురించి ఆయన చెప్పుకున్న గొప్ప, అంతే. కానీ ఆ పుస్తకం చేస్తానన్న పనే అమెరికావాళ్ళు ఏమనుకుంటున్నారో విని చెప్పడం. అలాంటి పుస్తకంలో లేని మనుషుల నోట మాటలు పెడితే, ఉన్న మనుషుల మాటలకి చోటు తగ్గినట్టే.

మన దగ్గరికొస్తే, తెలుగులో యాత్రారచన అనగానే గుర్తొచ్చే మొదటి పేరు ఏనుగుల వీరాస్వామయ్యగారిది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న పెద్ద పరివారంతో బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి ఉత్తరాలు రాశారు. ఆయన పోయాక 1838లో ఆ స్నేహితుడే వాటిని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించాడు.

మొదటిసారి చదివేవాళ్ళకి అందులో విసుగు పుట్టించేవి చాలా ఉంటాయి. ఈ ఊళ్ళో అంగళ్ళున్నాయి, నీళ్ళు బాగున్నాయి, దిగడానికి వసతి ఉంది, దారి రాళ్ళదారి, ఏరు దాటాలి. ప్రేరణ కోసం తెరిస్తే నీళ్ళ బావులు కనిపిస్తాయి! కానీ ఆ వివరాల వెనకున్న ఉద్దేశం చూడండి. రేపు అదే దారిలో వెళ్ళే మనిషి ఒకడు ఆయన కళ్ళముందు ఉన్నాడు. నీళ్ళు లేనిచోట ఉన్నాయని రాస్తే ఆ మనిషి దాహంతో పడిపోతాడు. అబద్ధం ఖరీదు అంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు వాక్యం దానంతటదే నిజం వైపు తిరుగుతుంది. బషోకి పక్కన సోరా ఉన్నాడు. వీరాస్వామయ్యగారు తనే బషో, తనే సోరా.

అలాగని ఆ పుస్తకం అన్ని అప్పులూ తీర్చేసిందని కాదు. ఆయన వెళ్ళింది పల్లకీలో. మోసింది బోయీలు. పదిహేను నెలలపాటు అదే దారిని వాళ్ళు కాళ్ళతో చూశారు. అదే నాగపూరు, అదే గంగ. వాళ్ళలో ఎవరి యాత్రాచరిత్రా మన దగ్గర లేదు. మచ్చవరపు ఆదినారాయణగారిలా వేల కిలోమీటర్లు కాలినడకన తిరిగి ‘భ్రమణకాంక్ష’ లాంటి పుస్తకాలు రాసినవాళ్ళు తర్వాత వచ్చారు కాబట్టి నడిచేవాడి కంటికి లోకం ఎలా కనిపిస్తుందో మనకి తెలుగులోనే తెలిసింది. ప్రతి యాత్రాకథనం వెనకా రాయని మనిషి ఒకడుంటాడు. పల్లకీ మోసినవాడో, క్యాబ్ నడిపినవాడో, హోమ్‌స్టేలో పొద్దున్నే లేచి ఉప్మా చేసిపెట్టినావిడో. ఆంటిగ్వాలో పుట్టిన జమైకా కిన్‌కెయిడ్ 1988లో ‘ఎ స్మాల్ ప్లేస్’ అనే చిన్న పుస్తకంలో ఆ వైపు నుంచే మాట్లాడింది. టూరిస్టుని ‘నువ్వు’ అని నేరుగా పిలిచి, నువ్వు చూస్తున్నప్పుడు మాకెలా కనిపిస్తావో చెప్తాను విను అంది. యాత్రలు రాయాలనుకునేవాళ్ళు మొదట చదవాల్సింది బహుశా ఆ పుస్తకమే. చదివాక వెంటనే ఏమీ రాయబుద్ధి కాదు. అది మంచిదే.

ఇప్పుడు ప్రేరణ సంగతి. బషో ఉత్తరానికి ఎందుకెళ్ళాడు? పాత కవులు పాడిన చోట్లు చూడటానికి. తనకి ఐదు వందల ఏళ్ళ ముందటి సైగ్యో అనే కవి నడిచిన దారిలో నడవటానికి. అంటే ఆయన ప్రేరణ పుస్తకాల్లోంచే వచ్చింది. అందరిదీ అంతే. మనం వెళ్ళే ప్రతి చోటూ మనకంటే ముందే ఎవరో రాసిపెట్టినదే. మనకిప్పుడు సైగ్యో బదులు రీల్స్ ఉన్నాయి. గండికోట అనగానే ఇండియన్ గ్రాండ్ కాన్యన్. లంబసింగి ఆంధ్రా కాశ్మీర్. అరకు ఆంధ్రా ఊటీ. ఈ పేర్లు పెట్టినవాళ్ళది దురుద్దేశమేమీ కాదు. కానీ పేరు పెట్టిన మరుక్షణం నుంచి వెళ్ళినవాడు పెన్నని చూడడు, కొలరాడోతో పోల్చుకుంటాడు. లంబసింగిలో మంచు పడిందా లేదా అన్నదొక్కటే ప్రశ్నవుతుంది. అక్కడ బతికే మనుషులు మంచు ఫొటోకి అడ్డొచ్చేవాళ్ళవుతారు. ఇదీ ఇషినొమాకి లాంటిదే. మనం ముందే వేసుకొచ్చిన బొమ్మలో ఊరు పట్టకపోతే ఊరినే కత్తిరించేస్తాం.

కాబట్టి ప్రేరణ దొరకలేదని బాధపడాల్సిన పని లేదు. అది కావలసినదానికంటే ఎక్కువే దొరుకుతుంది. కావలసింది దానికి ఎదురు చెప్పేది. నాకు తోచినంతలో దారి ఒకటే, రెండు నోట్‌బుక్కులు పెట్టుకోవడం. ఒకటి సోరాది. తేదీ, ఎక్కిన బస్సు, అయిన ఖర్చు, ఎవరితో మాట్లాడాం, ఏ భాషలో మాట్లాడాం, వాళ్ళు చెప్పింది సగమే అర్థమైందా పూర్తిగానా, ఆ ఊళ్ళో మొత్తం ఎన్ని గంటలున్నాం. ఇందులో విశేషణాలు వద్దు. ఏ రోజుది ఆ రోజే రాయాలి, తర్వాత ముట్టుకోకూడదు. రెండోది బషోది. అందులో ఏదైనా రాసుకోవచ్చు. ఇంటికొచ్చాక రెండూ పక్కపక్కన పెట్టుకుంటే కలవని చోట్లు బయటపడతాయి. అసలు పని మొదలయ్యేది అక్కడే. నాలుగు గంటలున్న ఊరి గురించి “ఇక్కడి మనుషులు” అని వాక్యం మొదలుపెట్టామా? మనకి దారి చెప్పిన పిల్లవాడి నోట వాడు అనని వేదాంతం పెట్టామా? పెడితే ఆ మాటల బరువు ఎవరు మోస్తున్నారు?

ఇది నీతి కోసం అందాన్ని వదులుకోవడం కాదా అని అడగొచ్చు. ఇషినొమాకినే మళ్ళీ చూడండి. చోటు దొరకని యాత్రికుడి కథ మనం వందసార్లు విన్నదే. అడిగినవాళ్ళంతా వేణ్ణీళ్ళు లేవన్న దారిలో, ముక్కూమొహం తెలియని ఒకడు ఆగి, వీళ్ళని వెంటబెట్టుకెళ్ళి నీళ్ళు తాగించి, ముందూరిలో దిగాల్సిన ఇల్లు కూడా చెప్పి తన దారిన తను వెళ్ళిపోయాడన్నది అంత తరచుగా వినం. జరిగిందే కల్పన కంటే కొత్తగా ఉంది. బషో అంతటివాడికి కూడా ఆ రోజు అది కనిపించలేదు, తెచ్చుకున్న బొమ్మ అడ్డొచ్చింది. అదే బషో మత్సుషిమ దీవుల దగ్గర, అందరూ కవిత్వం చెప్పితీరాల్సిన ఆ చోట, తన హైకూ ఒక్కటీ పుస్తకంలో పెట్టకుండా సోరాది పెట్టి ఊరుకున్నాడు. చూసినదాని ముందు మాట రాకపోతే రాలేదని ఒప్పుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇంకో సంగతి కూడా ఉంది. సోరా డైరీ బయటపడటానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఇవాళ అంత టైమ్ పట్టదు. వేరే భాషవాళ్ళ ఊరి గురించి తెలుగులో రాసినా, ఆ ఊళ్ళో కాలేజీకెళ్ళే అమ్మాయి ఫోన్‌లో ఒక్క బటన్ నొక్కి తన భాషలో చదువుకోగలదు. చదివి, ఇది మా ఊరేనా అని అడగగలదు. ఆ అమ్మాయి మనల్ని మెచ్చుకోనక్కర్లేదు. మా వీధి గురించి ఇలా రాశాడేంటి అని పోట్లాడినా పర్లేదు. వీధిని గుర్తుపట్టగలిగితే చాలు.