ఊరునంతయే తోడవలెను

ప్రకృతి సంపదలు రెండు విధములు. ఎండ, గాలి, నీరు, అడవి వాడినను తిరిగి సమకూరునవి. బొగ్గు, చమురు, ఖనిజములు ఒకసారి వెచ్చించిన మరల చేకూరనివి. వీనిలో దేనిని ఎంతవరకు వాడుట న్యాయమను ప్రశ్న విచారింపదగినది.

సింగరేణి బొగ్గును 1871లో ఇల్లెందు ప్రాంతమున భూగర్భ శాస్త్రజ్ఞుడగు కింగ్ కనుగొనెను. 1889లో త్రవ్వకము ఆరంభమైనది. ఆ నల్లని పొరలు ఏర్పడుటకు కోట్ల సంవత్సరములు పట్టినది. గనిలోనికి దిగు కార్మికుని కూలి ఆతని కాయకఫలము. అది ఆతనికి న్యాయముగా చెందును. కాని బొగ్గును సృజించిన మానవుడెవడును లేడు. కావున ఏ ఒక్క తరమును దానిని తన సొత్తని భావింపరాదు. కాల్చిన బొగ్గును తిరిగి ఇయ్యజాలము. దానివలన కలిగిన లాభముతో ఎండనుండి, గాలినుండి శక్తిని గ్రహించు సాధనములను నెలకొల్పినచో, రాబోవువారికి కొంత బదులు చెల్లించినట్లగును.

భూగర్భజలము తీరు వేరు. వాన కురియుచున్నంత కాలము అది ఊరుచుండును. అయితే అనంతపురము సీమలో సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లే. అందు స్వల్పభాగము మాత్రమే అడుగున గల రాతి పగుళ్ళలోనికి ఇంకును. కపిల తోలిన కాలమున బావి అడుగంటినచో రైతు ఎద్దులను విప్పి, నీరు ఊరువరకు వేచియుండెడివాడు. బోరుబావికి ఆ ఓర్పు లేదు. నీరు దిగిన కొలది మరింత లోతునకు పోవును. ఈ విధముగా తిరిగి వచ్చు సంపదయే తరిగిపోవు సంపదగా మారుచున్నది. ధనవంతుడు లోతుగా వేయించిన బోరువలన పొరుగు పేదరైతు బావి ఎండును.

తన నేల క్రింది నీటిని తోడుకొను హక్కును 1882నాటి ఈజ్‌మెంట్స్ చట్టము నేల యజమానికి ఇచ్చినది. 2002లో వచ్చిన వాల్టా చట్టము బోరుబావులకు కొన్ని కట్టుబాట్లు విధించినది. కాని రాత్రివేళ మీట నొక్కు చేతిని ఏ అధికారి కాపలా కాయగలడు? అచ్చట అంతరాత్మయే అధికారి. పొలమునకు గట్టు కలదు. నీటికి గట్టు లేదు. ఊరునంత తోడుట వినియోగము. అంతకు మించి తోడుట పొరుగువాని వంతును, పుట్టబోవు బిడ్డ వంతును అడుగక తీసికొనుటయే.